ఎడిటింగ్ టేబుల్ మీద మెరిసిన తలంబ్రాలు లింకులో ఎందుకు మసకబారతాయి?

మాఘం, ఫాల్గుణం ముహూర్తాలు ముగిశాక బెజవాడ గవర్నర్‌పేటలోనూ గుంటూరు అరండల్‌పేటలోనూ స్టూడియో వాళ్లకు వచ్చే ఫోన్లలో ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. "ఫొటోలు అద్దంలా ఉన్నాయండీ. వీడియో ఏంటి, పొగమంచులో తీసినట్టుంది?" స్టూడియో మానిటర్ మీద అదే వీడియో నిగనిగలాడుతూ ఉంటుంది. కెమెరా మారలేదు, ఎడిటర్ మారలేదు. మారిందల్లా అది చేరిన దారి.

ఒకప్పుడు డీవీడీ చేతిలో పెట్టేవారు. తర్వాత పెన్‌డ్రైవ్ వచ్చింది. ఇప్పుడు డాలస్‌లో ఉన్న పెదనాన్నగారబ్బాయి కూడా చూడాలి కాబట్టి లింకు కావాలి. అదీ ఫొటోలు పెట్టిన గ్యాలరీలోనే వీడియో కూడా ఉండాలి. ఫొటోగ్రఫీ సైట్లు వీడియోను తీసుకుంటున్నాయి గానీ, వాటి పుట్టుక ఫొటో కోసం. ఫ్లికర్ 2008 ఏప్రిల్‌లో మొదటిసారి వీడియోను అనుమతించినప్పుడు 90 సెకన్లకే పరిమితం చేసి, దాన్ని "పొడవాటి ఫొటో" అంది. అయినా ఫొటోల చోట వీడియో ఏంటని సభ్యుల్లో కొందరు గొడవ చేశారు. ఆ 90 సెకన్ల కాలం పోయింది. నిడివి ఇంత, సైజు ఇంత అనే కట్టడి మాత్రం చాలా సైట్లలో ఏదో ఒక రూపంలో మిగిలే ఉంది. కొన్ని నిమిషాల్లో కొలుస్తాయి, కొన్ని జీబీల్లో.

ఎక్కించేది ఒకటి, కనిపించేది ఇంకొకటి

ఈ గందరగోళానికి మూలం ఒక్కటే. మనం సైట్‌కి ఎక్కించిన ఫైల్‌ను చూసేవాళ్లు చూడరు. సైట్ దాన్ని విప్పి, తన పద్ధతిలో మళ్లీ కుదించి, నాలుగైదు నకళ్లు తయారు చేసుకుంటుంది: 360పీ, 720పీ, 1080పీ, ఒక్కోచోట 4కే కూడా (అంకె పెరిగేకొద్దీ బొమ్మలో చుక్కలు ఎక్కువ, 4కే అన్నిటికన్నా పెద్దది). ఈ పనిని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. లింకు తెరిచినప్పుడు ఫోన్‌కి అప్పుడు అందుతున్న నెట్ వేగాన్ని బట్టి ఏదో ఒక నకలు నడుస్తుంది. వేగం తగ్గితే మధ్యలోనే కింది నకలుకు దిగుతుంది, పెరిగితే పైకెక్కుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సులో కూర్చుని చూసిన పెళ్లికొడుకు బాబాయికీ, ఇంట్లో ఫైబర్ మీద టీవీలో చూసిన అత్తయ్యకీ వేరువేరు వీడియోలు కనిపించాయన్నమాట. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అంటే నాణ్యత మూడు చోట్ల కరుగుతుంది. మొదట కెమెరా రికార్డు చేసేటప్పుడు, రెండోసారి ఎడిటర్ పూర్తయిన వీడియోను ఫైల్‌గా తీసేటప్పుడు, అంటే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, మూడోసారి సైట్ నకళ్లు చేసేటప్పుడు. మూడోది మన చేతిలో లేదు. కానీ మూడోచోట ఎంత పోతుందన్నది రెండోచోట ఏం చేశామన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టే. మొదటి కాపీలో చెదిరిన అక్షరం రెండో కాపీలో చదవడానికే రాదు.

ఇంకో తేడా చాలామంది గమనించరు. కొన్ని సైట్లు అసలు ఫైల్‌ను దాచి, డౌన్‌లోడ్ నొక్కినప్పుడు అదే ఇస్తాయి. కొన్ని తమ నకలునే ఇస్తాయి. "లింకు ఇచ్చాం, డౌన్‌లోడ్ చేసుకోండి" అని చెప్పే స్టూడియో తన సైట్ ఈ రెంటిలో ఏ రకమో తెలుసుకోకపోతే, కస్టమర్‌కి అందేది ఏమిటో తనకే తెలియదు.

జాడీ వేరు, పచ్చడి వేరు

ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అనేవి ఫైల్ పేరు చివర కనిపించే ముక్కలు. ఇవి జాడీలు. లోపల ఉన్నది ఆవకాయో గోంగూరో జాడీని చూసి చెప్పలేం. సాంకేతికంగా జాడీ పేరు కంటైనర్, లోపలి సరుకును కుదించిన పద్ధతి పేరు కోడెక్. ఒకే ఎంపీ4 జాడీలో హెచ్.264 ఉండొచ్చు, హెచ్.265 ఉండొచ్చు. అందుకే "రెండూ ఎంపీ4లే కదా, ఒకటి ఎక్కింది, ఒకటి ఎందుకు ఎక్కలేదు?" అనే ప్రశ్న పుడుతుంది. ఎంఓవీ అని ఉన్నచోట ఎంపీ4 అని పేరు మారిస్తే మారేది లేబులే. లోపల ఏముందో చూడటానికి మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కోడెక్, బిట్‌రేట్, ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలన్నది; ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము), రంగుల వివరం అన్నీ ఒక్క తెరలో చూపిస్తుంది. అప్‌లోడ్ పంచాయితీల్లో సగం అక్కడే తేలిపోతాయి.

హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. ఇవాళ ఫోన్, టీవీ, బ్రౌజర్ ఏది తీసుకున్నా దీన్ని ఆడించనిది దొరకడం కష్టం. 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతను ఇంచుమించు సగం సైజులో ఇవ్వగలదు. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా పొదుపు, కానీ దానిలోకి కుదించడం (ఎన్‌కోడ్ చేయడం) కంప్యూటర్‌కి బరువైన పని. ఎడిటర్లు వాడే ప్రోరెస్ వేరే జాతి. అది సైజు తగ్గించడానికి పుట్టింది కాదు, ఎడిటింగ్‌లో చెదరకుండా ఉండటానికి పుట్టింది. 4కే, 25 ఫ్రేములకు ప్రోరెస్ 422 హెచ్‌క్యూ సెకనుకు సుమారు 737 మెగాబిట్లు తింటుంది. నాలుగు నిమిషాల ప్రీవెడ్డింగ్ పాట 22 జీబీ.

హెచ్.264 పంపాలా, హెచ్.265 పంపాలా అన్నదాని మీద ఎడిటర్లలో రెండు వర్గాలున్నాయి. సైట్ ఎలాగూ మళ్లీ కుదిస్తుంది కాబట్టి సగం సైజులో అదే నాణ్యత ఎక్కించడం తెలివని హెచ్.265 వాళ్లు అంటారు. నెట్ నెమ్మదిగా ఉన్నచోట ఈ మాటకు బలం ఉంది. కస్టమర్ అసలు ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లో పాత టీవీకి పెన్‌డ్రైవ్‌లో పెడితే "ఫార్మాట్ సపోర్ట్ చేయదు" అని వస్తుందని రెండో వర్గం భయం. బ్రౌజర్ల సంగతీ అలాంటిదే. క్రోమ్ కూడా 2022లో వచ్చిన 107వ వెర్షన్ నుంచే హెచ్.265ను ఆడిస్తోంది, అదీ ఆ యంత్రంలోని చిప్ సహకరిస్తేనే. డౌన్‌లోడ్‌లో అసలు ఫైలే ఇచ్చే సైట్‌కి హెచ్.264, చూపించడానికి మాత్రమే వాడే సైట్‌కి హెచ్.265 అన్నది ఈ రెండు వాదాల మధ్య కాస్త నిలబడే దారి.

జాడీకి సంబంధించిందే ఇంకో చిన్న విషయం. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని ఫైల్ చివర రాస్తాయి, ఎందుకంటే రికార్డు పూర్తయ్యాకే అది తయారవుతుంది. సైట్ నకలు చేయకుండా అసలు ఫైల్‌నే ఆడించే చోట, సూచిక చివర ఉంటే బ్రౌజర్ దాన్ని వెతికి తెచ్చుకునేదాకా బొమ్మ కదలకపోవచ్చు. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. వీడియోను మార్చే ఉచిత ప్రోగ్రాం హ్యాండ్‌బ్రేక్‌లో "వెబ్ ఆప్టిమైజ్డ్" అనే గడికి టిక్కు పెడితే జరిగేది ఈ సూచిక ముందుకు రావడమే. నాణ్యతలో వీసమెత్తు మార్పు ఉండదు.

లెక్కంతా బిట్‌రేట్‌దే

రిజల్యూషన్ అంటే బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయన్నది. బిట్‌రేట్ అంటే ఆ చుక్కల్ని వర్ణించడానికి సెకనుకు ఎంత డేటా ఖర్చు పెడుతున్నామన్నది. చాలామంది మొదటిదాన్నే అడుగుతారు: "4కేనా అండీ?" బొమ్మ నిలవాలా, మసకబారాలా అన్నది రెండోదాని చేతిలో కూడా ఉంది.

లెక్క కట్టి చూద్దాం. 1080పీ అంటే అడ్డంగా 1920, నిలువునా 1080 చుక్కలు. సెకనుకు 25 ఫ్రేములైతే సెకనుకు దాదాపు 5 కోట్ల 18 లక్షల చుక్కలు. ఏ కుదింపూ లేకుండా మామూలు 8 బిట్ పద్ధతిలో ఒక్కో చుక్కకు సగటున 12 బిట్లు కావాలి. మొత్తం సెకనుకు 622 మెగాబిట్లు. మనం ఎక్స్‌పోర్ట్‌లో 10 మెగాబిట్లు అని పెట్టామంటే, అరవై రెండు వంతుల్లో ఒక వంతు ఉంచి మిగతాది వదిలేయమని చెప్పినట్టు. 4కేలో చుక్కలు నాలుగింతలు. అదే 10 మెగాబిట్లు పెడితే దాదాపు 250 వంతుల్లో ఒకటే మిగులుతుంది. 10 మెగాబిట్ల 4కే కన్నా 10 మెగాబిట్ల 1080పీ చాలాసార్లు బాగుండటానికి కారణం ఇదే.

ఫైల్ సైజు కూడా ఇక్కడినుంచే వస్తుంది. మెగాబిట్లను సెకన్లతో హెచ్చవేసి 8తో భాగిస్తే మెగాబైట్లు. ఒక సైట్ ఒక్కో ఫైల్‌కు 3 జీబీ హద్దు పెట్టిందనుకుందాం, మన దగ్గర 25 నిమిషాల హైలైట్స్ ఉందనుకుందాం. 3 జీబీ అంటే 24,000 మెగాబిట్లు. 25 నిమిషాలంటే 1,500 సెకన్లు. భాగిస్తే 16. ఇందులో ఆడియోకు, అంచనా తప్పులకు కాస్త తరుగు తీస్తే 15 మెగాబిట్లు. 1080పీకి ఇది దర్జాగా సరిపోతుంది. యూట్యూబ్ తన సూచనల్లో 1080పీ మామూలు ఫ్రేమ్ రేటుకు 8 మెగాబిట్లు, 4కేకు 35 నుంచి 45 అని చెబుతుంది. అదే హైలైట్స్‌ను 4కేలో 40 మెగాబిట్లకు తీస్తే ఏడున్నర జీబీ అవుతుంది, గేటు దగ్గరే ఆగిపోతుంది. సైజు కోసం 4కేను 15 మెగాబిట్లకు నొక్కితే అసలుకే ఎసరు. ఇలాంటిచోట ఫైల్‌ను మూడు ముక్కలుగా, పెళ్లికూతురిని చేయడం, ముహూర్తం, రిసెప్షన్ అని విడగొట్టడమే మేలైన పరిష్కారం.

1080పీలో తీసినదాన్ని 4కేకి సాగదీసి ఎక్కించే అలవాటు ఒకటి ఎడిటర్లలో ఉంది. వెర్రితనంలా కనిపిస్తుంది గానీ దాని వెనక తర్కం ఉంది. పెద్ద రిజల్యూషన్‌గా వచ్చిన వీడియోకు యూట్యూబ్ మెరుగైన కోడెక్‌నూ ఎక్కువ బిట్‌రేట్‌నూ కేటాయిస్తుంది, కాబట్టి తేడా కంటికి తెలుస్తుంది. ఫొటోగ్రఫీ సైట్లన్నీ అలా చేయవు. 1080పీ దగ్గరే ఆగిపోయే సైట్ అయితే సాగదీసినదాన్ని మళ్లీ కిందికి దించుతుంది. మిగిలేది నాలుగింతల అప్‌లోడ్ సమయం.

తలంబ్రాలు, మిర్చి, మంగళగిరి చీర

ఇప్పుడు అసలు ప్రశ్న. 15 మెగాబిట్లకే అంతసేపు బాగున్న వీడియో సరిగ్గా తలంబ్రాల దగ్గరే ఎందుకు చెదురుతుంది?

కోడెక్ ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదు. రెండు సెకన్లకో మూడు సెకన్లకో ఒకసారి పూర్తి బొమ్మను రాస్తుంది. దాన్ని కీఫ్రేమ్ అంటారు. మధ్యలో ఉన్నవాటికి "ముందు ఫ్రేములోని ఈ ముక్క ఇంత పక్కకు జరిగింది" అని మాత్రం రాసుకుంటుంది. పురోహితుడు కూర్చుని మంత్రం చదువుతుంటే కదిలేది పెదవులు, చేయి. మిగతా మండపమంతా ఉన్నచోటే ఉంది, ఖర్చు లేదు. తలంబ్రాలు పోసే క్షణంలో వేల బియ్యపు గింజలు తలో దిక్కుకు ఎగురుతాయి. ప్రతి గింజా తిరుగుతుంది, ఫ్లాష్‌కి మెరుస్తుంది, ఇంకో గింజ వెనక్కి పోతుంది. "ముందు ఫ్రేము లాగానే" అని చెప్పడానికి ఏమీ మిగలదు. ఆ మూడు సెకన్లలో సెకనుకు అరవై మెగాబిట్లు కావాల్సిన చోట పదిహేనే ఉంటే, కోడెక్ గింజల్ని కలిపి పసుపు ముద్దలు చేస్తుంది. పెళ్లికూతురి ముఖం మీద చతురస్రాలు తేలతాయి. పేపర్ బ్లాస్ట్, కోల్డ్ పైరో, డ్రోన్‌తో తీసిన కృష్ణ నీటి అలలు, గాలికి ఊగే పూలదండల తెర, అన్నింటిదీ ఇదే జబ్బు.

ఎక్స్‌పోర్ట్‌లో స్థిరమైన బిట్‌రేట్‌కూ మారే బిట్‌రేట్‌కూ తేడా ఇక్కడే బయటపడుతుంది. స్థిరమైనది మంత్రానికీ తలంబ్రాలకూ ఒకటే కూలి ఇస్తుంది. మారేది, అందులోనూ రెండుసార్లు చదివి రాసే టూ పాస్ పద్ధతి, మొదటి విడతలో వీడియో అంతా చూసుకుని పురోహితుడి దగ్గర మిగిల్చింది తలంబ్రాల దగ్గర పెడుతుంది. సైజు అంతే, సమయం దాదాపు రెట్టింపు. హద్దు లేని సైట్‌కి ఈ తంటా అక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్‌లో ఉన్నట్టు నాణ్యతనే అంకెగా చెప్పి, హెచ్.264కు 18 నుంచి 20 మధ్య ఉంచితే, సైజు ఎంతవుతుందన్నది కోడెక్ చూసుకుంటుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుందన్నది చాలామందిని తికమక పెట్టే విషయం.

ఎరుపు మరో సమస్య. మన కన్ను వెలుగునీడల్లో సూక్ష్మాన్ని బాగా పడుతుంది, రంగులో అంతగా పట్టదు. అందుకని మామూలు వీడియో ప్రతి నాలుగు చుక్కలకు నాలుగు వెలుగు విలువలు, ఒక్క జత రంగు విలువలు దాచుకుంటుంది. దీన్ని 4:2:0 అంటారు. తెల్ల చొక్కాకు, పచ్చని అరటాకుకు దీనివల్ల నష్టం కనిపించదు. హెచ్‌డీ ప్రమాణంలో వెలుగు లెక్కకు ఆకుపచ్చ దాదాపు 72 శాతం ఇస్తుంది, ఎరుపు 21 శాతమే. చిక్కని ఎరుపులోని వివరమంతా రంగు భాగం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది, ఆ రంగు భాగాన్నేమో పావు వంతు చేశాం. గుంటూరు మిర్చి యార్డులో ఆరబోసిన కాయల కుప్పను దగ్గరగా తీసి ఎక్కించి చూస్తే తేటతెల్లం. కాయకూ కాయకూ మధ్య గీత పోయి ఎర్రటి పేస్టులా ఉంటుంది. ఎర్ర పట్టుచీర మడతలకు జరిగేదీ అదే. కెమెరాలో 4:2:2 పద్ధతిలో తీస్తే ఎడిటింగ్‌లో లాభం ఉంది, రంగులు దిద్దేటప్పుడు అంచులు చెదరవు. కానీ సైట్ చేసే నకలు ఎలాగూ 4:2:0నే. అక్కడ కాపాడగలిగేది ఎరుపు గాఢతను కాస్త అదుపులో ఉంచుతూ రంగులు దిద్దే పనే (గ్రేడింగ్).

మంగళగిరి చీరది ఇంకో కథ. సన్నని గళ్లు, జరీ అంచులో దగ్గరదగ్గర గీతలు. ఆ గీతల దూరం కెమెరా సెన్సర్ చుక్కల దూరానికి దగ్గరపడినప్పుడు చీర మీద లేని అలలు, ఇంద్రధనుస్సు చారలు పుడతాయి. దీన్ని మోయిరే అంటారు. 4కేను 1080పీకి నాసిగా దించినప్పుడూ ఇది వస్తుంది. కెమెరాలోనే పడిన మోయిరేను తర్వాత ఏ సెట్టింగూ పూర్తిగా తీయలేదు, సైట్ కుదింపు దాన్ని ఇంకా కదిలిస్తుంది.

ఇక ప్రకాశం బ్యారేజీ వెనక సూర్యాస్తమయం. ప్రీవెడ్డింగ్ వీడియోల్లో తప్పనిసరి షాట్. నారింజ నుంచి ఊదాకు మెల్లగా మారే ఆకాశంలో, సైట్‌లో చూస్తే మెట్లుమెట్లుగా పట్టీలు. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1,024. ఆకాశం మొత్తం అందులో ఓ 30 మెట్ల మధ్యే ఉంటే తెర వెడల్పంతా 30 పట్టీలు. దీనికి ఎడిటర్లు బొమ్మంతా ఇసుక రేణువుల్లాంటి సన్నని గ్రెయిన్ చల్లుతారు, పట్టీల అంచులు కలిసిపోతాయి. చిత్రం ఏమిటంటే, ఆ గ్రెయిన్ కోడెక్ దృష్టిలో తలంబ్రాల లాంటిదే, ఖరీదైన సరుకు. బిట్‌రేట్ తక్కువున్న సైట్ దాన్ని ఊడ్చేస్తుంది, పట్టీలు మళ్లీ తేలతాయి. అర్ధరాత్రి ముహూర్తంలో ఎక్కువ ఐఎస్‌ఓతో (కెమెరా వెలుగును గ్రహించే తీవ్రతను పెంచి) తీసినప్పుడు వచ్చే మచ్చల, అంటే నాయిస్‌దీ ఇదే లెక్క. దాన్ని ఎక్స్‌పోర్ట్‌కి ముందే కొంత తగ్గిస్తే ఆ బిట్లు ముఖాలకు మిగులుతాయి.

25, 24, 30: ఫ్రేముల తగాదా

మన కరెంటు 50 హెర్ట్జ్. పాత రకం ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయం) సెకనులో 50లో ఒక వంతో, 100లో ఒక వంతో అయితే ఆ మినుకు కనిపించదు. 60లో ఒక వంతు, 125లో ఒక వంతు పెడితే తెర మీద నల్ల చారలు పాకుతాయి. అందుకే 25 ఫ్రేములు, 50లో ఒక వంతు షట్టర్ ఇక్కడ పాతుకుపోయాయి.

30 కావాలనే వాళ్ల వాదనా కొట్టిపారేసేది కాదు. ఫోన్ తెర సాధారణంగా సెకనుకు 60 సార్లు మారుతుంది. 30 ఫ్రేములైతే ఒక్కొక్కటి సమానంగా రెండుసార్లు. 25 అయితే కొన్ని రెండుసార్లు, కొన్ని మూడుసార్లు, కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్‌లో చిన్న వణుకు. షట్టర్‌ను 100లో ఒక వంతు చేసుకుంటే 30లో కూడా మినుకు బాధ ఉండదు. ఏది ఎంచుకున్నా ఫర్వాలేదు, కలిపితేనే చేటు. 25లో తీసినదాన్ని సినిమా లుక్ అని ఎడిటింగ్‌లో 24 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పడేస్తే సెకనుకొక ఫ్రేము ఎగిరిపోతుంది, సెకనుకొక కుదుపు. ఫోన్లలో తీసిన క్లిప్‌లలో ఫ్రేమ్ రేటే నిలకడగా ఉండదు, ఎడిటింగ్‌లో పెదవులకూ మాటకూ పొత్తు తప్పుతుంది. అలాంటివాటిని ముందుగా స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోవడం మామూలే.

పాత మిక్సింగ్ యూనిట్ల నుంచి వచ్చే 50ఐ ఫైళ్లు ఇంకా అక్కడక్కడా తగులుతాయి. వాటిలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి ఉంటుంది. అలాగే ఎక్కిస్తే కోలాటం ఆడేవాళ్ల చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. ఆ సగాలను పూర్తి ఫ్రేములుగా మార్చి (డీఇంటర్‌లేస్ చేసి) సెకనుకు 50 పూర్తి ఫ్రేముల 50పీగా తీస్తే కదలిక పూర్తిగా మిగులుతుంది, 25పీగా మారిస్తే సగం పోతుంది.

రంగు వెలిసిపోయిందంటే

ఫొటోల వాళ్లకు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణం తెలుసు. వీడియోలో దానికి దగ్గరి చుట్టం రెక్ 709. మూల రంగులు రెంటికీ ఒకటే, వెలుగు మెట్లను లెక్కించే తీరు కాస్త వేరు. ఎస్‌లాగ్, సీలాగ్ లాంటి లాగ్ పద్ధతుల్లో తీసింది చూడటానికి బూడిద పూసినట్టుంటుంది, 709కు మార్చాకే రంగు వస్తుంది. ఎడిటింగ్‌లో ఒక క్లిప్ మారకుండా మిగిలిపోవడం అందరికీ తెలిసిన పొరపాటే.

తెలియనిది ఇంకొకటి. వీడియోలో నలుపును 16 దగ్గర, తెలుపును 235 దగ్గర ఉంచడం సంప్రదాయం. కొన్ని సాఫ్ట్‌వేర్లు 0 నుంచి 255 వాడతాయి. ఫైల్ మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి ఉంటే, ఒక వైపు తప్పితే నలుపు బూడిదవుతుంది, ఇంకోవైపు తప్పితే నల్ల జుట్టులో వెంట్రుకలన్నీ ఒకే ముద్ద.

ఐఫోన్ 12 నుంచి వచ్చిన ఫోన్లు మామూలు వీడియో కన్నా ఎక్కువ వెలుగుల తేడాను పట్టే హెచ్‌డీఆర్‌లో తీస్తాయి. బంధువులు పంపిన అలాంటి క్లిప్‌ను మార్చకుండా మామూలు టైమ్‌లైన్‌లో కలిపితే, హారతి వెలుగు తెల్లగా పేలిపోయి పక్కనున్న ముఖాలు పాలిపోతాయి. కెమెరా క్లిప్‌లు బాగుండి ఫోన్ క్లిప్‌లే తేడాగా ఉన్నాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

గట్టిమేళం మోగినప్పుడు

ధ్వనిలో ఎక్కువగా చెడేది మాంగల్యధారణ క్షణమే. సన్నాయి, డోలు ఒక్కసారిగా ఎత్తుకుంటాయి. ఎడిటింగ్‌లో మీటర్ సరిగ్గా సున్నా డెసిబెల్స్ తాకేలా ఉంచితే మన దగ్గర బాగానే వినిపిస్తుంది, సైట్ దాన్ని ఏఏసీ అనే ధ్వని కోడెక్‌కి కుదించేటప్పుడు శిఖరాలు కాస్త పైకి పొంగి పగిలినట్టు మోగుతాయి. గరిష్ఠాన్ని మైనస్ 1 దగ్గర ఆపడానికి కారణం ఇది. 48 కిలోహెర్ట్జ్, 320 కిలోబిట్ల ఏఏసీ అంటే సైట్ ముందు పెట్టడానికి చాలినంత. ఇంకా గట్టిగా వినపడాలని పెంచుకుంటూ పోవడం వల్ల ఒరిగేది లేదు. యూట్యూబ్ లాంటివి సగటు గట్టిదనాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరికి తామే దించేస్తాయి.

రాత్రంతా ఎక్కుతూనే ఉంది

"వంద ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది, పది జీబీ ఎక్కడానికి రాత్రంతా ఎందుకు?" ఇందులో రెండు చిక్కులున్నాయి. కనెక్షన్‌ను కొలిచేది మెగాబిట్లలో, ఫైల్‌ను కొలిచేది మెగాబైట్లలో. 100 మెగాబిట్లంటే సెకనుకు 12.5 మెగాబైట్లే. రెండోది, ప్లాన్ మీద కనిపించే పెద్ద అంకె చాలాసార్లు డౌన్‌లోడ్‌ది. టవర్ నుంచి తీగ లేకుండా ఇంటికి వచ్చే 5జీ ఎయిర్ కనెక్షన్లలో టవర్ తన సమయంలో ఎక్కువ భాగం కిందికి పంపడానికే కేటాయిస్తుంది, పైకి వెళ్లే దారి ఇరుకు.

మూడు గంటల ట్రెడిషనల్ వీడియోను తీసుకుందాం. కెమెరా ఇచ్చిన 100 మెగాబిట్ల ఫుటేజీ అలాగే ఉంటే 135 జీబీ. అప్‌లోడ్ వేగం నిజంగా 20 మెగాబిట్లుంటే 15 గంటలు. అదే 1080పీ, 10 మెగాబిట్లకు తీస్తే పదమూడున్నర జీబీ, గంటన్నర. మిర్చి యార్డులో తూకానికి తరుగు ఉన్నట్టే నెట్‌కీ ఉంది, ఈ లెక్కల మీద పది శాతం కలుపుకోవాలి.

మధ్యలో తెగితే? కొన్ని సైట్లు ఫైల్‌ను చిన్న ముక్కలుగా పంపి, తెగినచోట నుంచి మళ్లీ మొదలుపెడతాయి. కొన్ని 97 శాతం దగ్గర తెగినా మొదటికే తెస్తాయి. వేసవి కోతల్లో కంప్యూటర్‌కి యూపీఎస్ ఉండి రౌటర్‌కి లేని స్టూడియోల పరిస్థితి ఇదే. కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, అప్‌లోడ్ పోతుంది. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారడమూ అంతే. ఇక ఎంత చూసినా కారణం దొరకని "అప్‌లోడ్ ఫెయిల్డ్"కు ఒక్కోసారి ఫైల్ పేరే కారణం. తెలుగు అక్షరాలు, బ్రాకెట్లు, ఖాళీలు, చివర "ఫైనల్ ఫైనల్ 3". కొన్ని సైట్లకు అది కొరుకుడు పడదు. పేరులో ఉత్త ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీతలు ఉంటే చాలు.

పెన్‌డ్రైవ్ కూడా ఇస్తున్నవాళ్లకు ఇంకో గోడ ఉంది. ఎఫ్‌ఏటీ32లో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో 4 జీబీ మించిన ఒక్క ఫైల్ పట్టదు, డ్రైవ్ 64 జీబీదైనా సరే. ఎక్స్‌ఫ్యాట్ అయితే పడుతుంది, కానీ పాత టీవీలు కొన్ని దాన్ని చదవవు.

గ్యాలరీలోనా, యూట్యూబ్‌లోనా

ఖర్చు చూస్తే యూట్యూబ్ ఉచితం. ధ్రువీకరించిన ఖాతా అయితే 12 గంటలు లేదా 256 జీబీ, ఏది తక్కువైతే అంతవరకు ఒక ఫైల్ ఎక్కుతుంది. నకళ్ల నాణ్యతా బాగుంటుంది. అన్‌లిస్టెడ్ అని పెడితే వెతికితే దొరకదు, కానీ లింకు చేతికొచ్చిన ప్రతివాళ్లూ చూడొచ్చు. ఫొటోగ్రఫీ గ్యాలరీకి పాస్‌వర్డ్ పెట్టొచ్చు, స్టూడియో పేరుతో పద్ధతిగా కనిపిస్తుంది, మధ్యలో ప్రకటనలు రావు. దానికి ఏటా చందా, పైన చెప్పిన హద్దులు. చందా ఆగితే లింకూ ఆగుతుంది. కస్టమర్‌కి ఈ సంగతి ముందే చెప్పని స్టూడియోలు తర్వాత మాటపడుతున్నాయి.

పాటల విషయంలో ఒక అపోహ బలంగా ఉంది: పెళ్లికి కాపీరైట్ వర్తించదని. 1957 కాపీరైట్ చట్టం 52(1)(జెడ్‌ఏ) మినహాయింపు ఇచ్చేది పెళ్లి ఊరేగింపు, పెళ్లి వేడుకల్లో భాగంగా పాట పాడటానికి, వినిపించడానికి. సినిమా పాటను వీడియోకు జోడించి నెట్‌లో పెట్టడం వేరే పని. హక్కులున్న పాటల్ని పట్టుకునే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ ఆ పాటను గుర్తుపట్టి ధ్వని ఆపేయొచ్చు, ప్రకటనలు వేయొచ్చు, కొన్ని దేశాల్లో వీడియోనే కనపడకుండా చేయొచ్చు. గ్యాలరీ సైట్లలో అలాంటి కాపలా తక్కువగా కనిపిస్తుంది. కాపలా లేనంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. వాటిలో చాలావాటి నిబంధనలు ఆ బాధ్యతను ఎక్కించినవాళ్ల మీదే పెడతాయి.

ఫోన్‌తోనో డ్రోన్‌తోనో తీసిన అసలు ఫైళ్లలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండొచ్చు. నకళ్లలో అది సాధారణంగా పోతుంది. అసలు ఫైల్‌నే డౌన్‌లోడ్‌కి ఇచ్చే సైట్‌లో పోకపోవచ్చు. పెళ్లికూతురి ఇంటి ముంగిట తీసిన క్లిప్‌తో పాటు ఆ ఇంటి చిరునామా కూడా వెళ్లిపోయినట్టే.

ఇక మొదట్లో చెప్పిన ఫోన్‌కాల్ దగ్గరికి వస్తే, దానికి చాలాసార్లు కారణం ఈ సెట్టింగులేవీ కాదు. అప్‌లోడ్ నూరు శాతం అయిందంటే ఫైల్ సైట్‌కి చేరిందని మాత్రమే అర్థం. నకళ్ల పని అప్పుడే మొదలవుతుంది. చిన్నది ముందు తయారవుతుంది, 1080పీ, 4కే తర్వాత. పొడవాటి వీడియోకు దీనికి గంటలు పట్టొచ్చు. స్టూడియో వాళ్లు ఉత్సాహంగా వెంటనే వాట్సాప్‌లో లింకు పెడతారు, పెళ్లివారి గ్రూపులో నూట యాభై మంది ఆ పది నిమిషాల్లోనే తెరుస్తారు. వాళ్లందరూ చూసింది 360పీ.